ఒక చిట్లిన కటకం ఆత్మకథ

నేను మైక్రోస్కోపు గొట్టానికి పైన కూర్చునే గుండ్రటి గాజుని. బడి పుస్తకాల్లో నా పేరు అక్షి కటకం. లేబరేటరీల్లో ఐపీస్ అంటారు. మనిషి కన్ను ఆనించేది నా మీదే. కింద దోమ పొట్ట, పైన మనిషి కన్ను, నా బతుకంతా ఆ రెంటి మధ్యే గడిచింది. నాకు చెవుల్లేవు. నేను చూసింది చెప్పగలను, పక్కన బల్ల మీద నోటుబుక్కులో రాసుకున్నది చెప్పగలను, తర్వాత పుస్తకాల్లో అచ్చయింది చెప్పగలను. అంతకు మించి నాకు తెలీదు.

1897 ఆగస్టు నాటికి మా మైక్రోస్కోపుకి మిగిలిన ఆఖరి ఐపీస్‌ని నేనే. అప్పటికే చిట్లి ఉన్నాను. మరలన్నీ తుప్పు పట్టాయి. వాననీళ్లకి కాదు, చెమటకి. రోనాల్డ్ రాస్ నుదుటి మీద నుంచీ చేతుల మీద నుంచీ కారిన చెమటకి. చోటు బేగంపేట. సికింద్రాబాద్ దండుకి చెందిన చిన్న మిలటరీ ఆసుపత్రి. ఎంత ఉక్కగా ఉన్నా పంకా లాగనిచ్చేవాడు కాదు. గాలి తగిలితే కోసి పెట్టిన దోమ ఎగిరిపోతుంది. చిన్న చిన్న ఈగలు కళ్లలో, చెవుల్లో దూరుతుంటే ఒక చేత్తో తోలుకుంటూ, ఇంకో చేత్తో మర తిప్పేవాడు. కనురెప్ప నా అంచుకి తగిలినప్పుడల్లా తడి అంటుకునేది.

ఈయన డాక్టరు కావాలని పుట్టినవాడు కాదు. 1857లో అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో జనరల్. కొడుక్కి బొమ్మలు గీయడం, కవిత్వం రాయడం ఇష్టం. తండ్రి మాట కాదనలేక వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు వచ్చాడు. లెక్కలంటే పిచ్చి. నవలలు కూడా రాశాడు. బెంగుళూరులో ఉండగా తన గదిలో దోమలు మరీ ఎక్కువగా ఉంటే వెతికి, కిటికీ దగ్గర నీళ్ల తొట్టిలో వాటి పిల్లల్ని చూసి, ఆ తొట్టి పారబోయించాడట. దోమలు తగ్గాయట. ఆ రోజున ఆయనకి అది జ్వరం సంగతి కాదు, నిద్ర సంగతి.

మలేరియా సంగతి చాలాకాలం నమ్మలేదు. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు చలిజ్వరం రోగి నెత్తుట్లో ప్రాణమున్న పరాన్నజీవిని చూశానన్నాడు. రాస్ తన రోగుల నెత్తుట్లో వెతికాడు, కనపడలేదు. లేదని వాదించాడు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ ఆయన్ని కూర్చోబెట్టి చూపించాడు. పరాన్నజీవి కడుపులో బొగ్గుపొడిలా నల్లటి రేణువులు. మనిషి నెత్తుటిని అది తిని మిగిల్చిన మష్టు అది. ఆ నలుపు గుర్తుపెట్టుకోండి, నా కథంతా దాని మీదే నడుస్తుంది.

బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని చైనాలో ఉండగా 1877లోనే కనిపెట్టినవాడు మాన్సన్. మలేరియా కూడా దోమలోకే వెళుతుందని ఆయన ఊహ. ఊహలో సగం సరైనది. మిగతా సగం, దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగిన మనిషికి జ్వరం వస్తుంది అన్నది. రాస్ 1895లో సికింద్రాబాద్ వచ్చి ఈ రెండో సగాన్ని కూడా పరీక్షించాడు. దోమలు చచ్చిన నీళ్లు డబ్బిచ్చి మనుషుల చేత తాగించాడు. ఒకతనికి కొద్దిగా జ్వరం తగిలింది, మిగతావాళ్లకి తగల్లేదు. అవసరమున్న మనిషి చేతిలో డబ్బు పెట్టి రోగం తాగమనడం తప్పు. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. ఆయన కంటికి అద్దాన్ని కనుక ఈ మాట నేను దాచకూడదు.

దోమల చేత కుట్టించుకున్నందుకు కూడా కూలి ఉండేది. దోమకి ఒక అణా. 1895లో ఆ పనికి ఒప్పుకున్న రోగి అబ్దుల్ ఖాదిర్. అతని నెత్తురు తాగిన దోమల్ని ఒక్కొక్కటిగా చీల్చి నా కింద పెట్టేవారు. బియ్యంలో రాళ్లేరినట్టు రాస్ కన్ను ఆ కణాల మధ్య తిరిగేది. ఏమీ లేదు. మళ్లీ ఇంకో దోమ. ఏమీ లేదు. మధ్యలో కలరా పని మీద బెంగుళూరు పంపించారు. 1897 వేసవిలో నీలగిరుల దగ్గర సీగూరు కనుమలో ఆయన్నే చలిజ్వరం పట్టుకుంది. క్వినైన్ తాగి లేచి, జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్ చేరాడు. మళ్లీ దోమలు, మళ్లీ నా మీద తడి.

తప్పు కన్నుది కాదు, నాదీ కాదు. దోమది. ఆయన కోస్తున్నవన్నీ ఇళ్లల్లో తిరిగే బూడిదరంగు దోమలు, చారల దోమలు. మనిషి మలేరియా క్రిమి వాటి పొట్టలో బతకదు. లేనిచోట ఎంత శ్రద్ధగా వెతికినా దొరకదు. ఆ మాట ఆయనకి చెప్పేవాళ్లు లోకంలో ఎవరూ లేరు, ఎందుకంటే ఎవరికీ తెలీదు. పరిశోధన అంటే జనం ఆగస్టు 20నే తలుచుకుంటారు. నాకు మాత్రం దానికి ముందు గడిచిన రెండేళ్లే ఎక్కువ గుర్తు.

ఆగస్టు నడిమధ్యలో రెండు సంగతులు జరిగాయి. దోమపిల్లలున్న నీళ్లు తెచ్చిపెట్టే పనివాళ్లలో ఒకరు ఒక సీసా తెచ్చారు. మర్నాటికి అందులోంచి కొత్తరకం దోమలు లేచాయి, రెక్కల మీద మచ్చలతో. ఆ రోజుల్లోనే ఆసుపత్రిలో పనిచేసే హాస్పిటల్ అసిస్టెంట్ గోడ మీద వాలిన ఒక చిన్న దోమని చూపించాడు. మిగతా దోమల్లా గూని పెట్టుకుని కూర్చోలేదది. తల గోడకి ఆనించి, తోక పైకి ఎత్తి, గోడకి దిగ్గొట్టిన మేకులా నిలబడింది. ఇవాళ ఏ ఆరోగ్య కార్యకర్తని అడిగినా అనాఫిలిస్ దోమని గుర్తుపట్టే పద్ధతి అదే చెబుతారు. దాన్ని చూడటానికి ఆ మనిషికి కటకం అక్కర్లేకపోయింది.

16వ తేదీన హుసేన్ ఖాన్ అనే రోగి మీద ఆ మచ్చల రెక్కల దోమల్ని వదిలారు. పది దోమలు కుట్టాయి. పది అణాలు. తర్వాత రోజూ ఒకటో రెండో కోశారు, కొన్ని వాటంతటవే చచ్చాయి. 20వ తేదీ మధ్యాహ్నానికి మిగిలినవి రెండే.

ఒంటి గంట దాటింది. మబ్బు పట్టి ఉంది, ఉక్కపోత. పొద్దుట్నుంచీ చూసిచూసి ఆయన కన్ను ఎర్రబడింది. ఆ ఎరుపు నాకంటే దగ్గరగా చూసినవాళ్లు లేరు. ఆయన లెక్కలో 38వ దోమని కోశాడు. ఒళ్లంతా వెతికాడు, ఏమీ లేదు. పొట్ట ఒక్కటే మిగిలింది. స్లైడు మీద తెల్లగా, పరిచిన చాపలా పడి ఉంది. ఆ చాపలో అల్లిక అల్లికా చూడాలంటే ఇంకో అరగంట. కన్ను నా మీద నుంచి లేచింది. ఎంతసేపో చెప్పలేను. మళ్లీ వచ్చి ఆనింది.

వెంటనే కనపడింది. గుండ్రంగా, గీత గీసినట్టు అంచుతో ఒక కణం. అడ్డంగా సుమారు 12 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో పన్నెండు. దోమ పొట్టలో సహజంగా ఉండే కణం కంటే చిన్నది, అంచు మరీ స్పష్టం. పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. మబ్బుకి వెలుగు చాలక, మైక్రోస్కోపు కింద వెలుగు వచ్చే కంతని కాస్త తెరిచి, మర సర్దాడు. లోపల నల్లటి రేణువులు. లండన్‌లో మాన్సన్ చూపించిన నలుపే. దోమ ఒంట్లో ఆ నలుపు పుట్టదు. హుసేన్ ఖాన్ నెత్తుట్లోంచి వచ్చింది అది, వచ్చి బతికి ఉంది.

నా పగులు ఆ బొమ్మకి అడ్డం పడలేదు. నా బతుకులో ఇంతకంటే నేను కోరుకున్నది లేదు.

నవ్వాడు. హాస్పిటల్ అసిస్టెంట్‌ని కేకేశాడు. ఆ మనిషి మధ్యాహ్నం కునుకు తీయడానికి వెళ్లాడు, రాలేదు. కణాల బొమ్మ నోటుబుక్కులో గీసుకుని ఇంటికెళ్లి టీ తాగి, ఓ గంట పడుకున్నాడట. మర్నాడు ఆఖరి దోమ. అందులోనూ అవే కణాలు, నిన్నటికంటే పెద్దవి. ఒక్కరోజులో పెరిగాయంటే అవి మచ్చలు కావు, ప్రాణులు. రెండు దోమల్లో చూసిన ఆ సంగతి డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

తర్వాత ఆయన్ని రాజపుతానాలోని ఖేర్వాడాకి బదిలీ చేశారు, పని నడిమధ్యలో. 1898లో కలకత్తా చేరాడు. అక్కడ మనుషుల మలేరియా చేతికందక పక్షుల మలేరియా పట్టుకుని, జూలైలో ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం చూశాడు. అంటే నీళ్లు తాగడం వల్ల కాదు, కాటు వల్ల. మనిషిలో ఆ దారి మొత్తం ఇటలీలో గ్రాస్సీ బృందం చూపించింది, దాని మీద ఇద్దరి మధ్యా తగువు చాలా ఏళ్లు నడిచింది. 1902లో నోబెల్. లివర్‌పూల్ ఉద్యోగం, సియర్రా లియోన్‌లో దోమల వేట, మలేరియా వ్యాప్తికి లెక్కల సూత్రాలు, సర్ బిరుదు. 1932లో పోయాడు. బేగంపేట భవనం ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.

1923లో ఆయన తన జ్ఞాపకాలు అచ్చేశాడు. అందులో తుప్పు పట్టిన మరలున్నాయి, చిట్లిన నేనున్నాను. గోడ మీద దోమని చూపించిన మనిషి కూడా ఉన్నాడు. పేరు మరిచిపోయానని, అందుకు చింతిస్తున్నానని రాశాడు.

ఆ 20వ తేదీ మధ్యాహ్నం హాస్పిటల్ అసిస్టెంట్‌ని ఆయన గట్టిగా పిలిచాడు. పేరు పెట్టే పిలిచి ఉంటాడు. నాకు వినపడలేదు.