ఏడు సీట్ల పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక:

కొత్త ఇన్నోవాకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, గుమ్మడికాయ కొట్టబోతున్న గృహస్థుతో, అలాంటి బండినే చాలాకాలంగా నడుపుతున్న పక్కింటాయన చెప్పిన పద్యమిది.

మూలం:

ఏడు సీట్ల బండి యింటికి వచ్చిన
లేని చుట్టమైన లేచి వచ్చు
చోటు లేదటంచు చుట్టాల కనుటెట్లు
తాళమున్నవాడె దాసుడయ్యె

ప్రతిపదార్థం:

ఏడు సీట్ల బండి = ముందు రెండు, నడుమ రెండు, వెనక మూడు ఆసనములు గల వాహనము; యింటికి = దాని ముక్కు మాత్రమే పట్టు పోర్టికోకు; వచ్చిన = వాయిదాల మీద వచ్చినచో; లేని చుట్టమైన = పెళ్లి శుభలేఖల జాబితాలో సైతం కానరాని బంధువైనను; లేచి వచ్చు = సంచితో సహా బయలుదేరును; చోటు లేదటంచు = జాగా లేదని; చుట్టాలకు = కిటికీ అద్దంలోంచి వెనక సీట్లు లెక్కపెట్టుచున్నవారికి; అనుట ఎట్లు = చెప్పు విధమేది?; తాళమున్నవాడె = ఆర్సీలో పేరు, బ్యాంకులో బాకీ రెండును తనవే అయిన యజమానియే; దాసుడయ్యె = డ్రైవరాయెను.

తాత్పర్యం:

ఐదు సీట్ల కారు ఉన్నవాడి చేతిలో "చోటు లేదు" అనే బ్రహ్మాస్త్రం ఉంటుంది. ఏడు సీట్ల బండి కొన్నవాడు రెండు సీట్లు సంపాదించుకుని ఆ అస్త్రాన్ని పోగొట్టుకుంటాడు.

విశేషాలు:

సంప్రదాయం. 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా, 2016లో క్రిస్టా, ఆ తరవాత హైక్రాస్. బెంగుళూరు దగ్గర బిడదిలో వెలసిన వంశమిది. క్రిస్టా దాకా వెనక చక్రాలు తోసేవి, హైక్రాస్‌ను ముందు చక్రాలు లాగుతాయి. 2012లో ఎర్టిగా వచ్చి ఇదే ధర్మాన్ని తక్కువ ధరకు బోధించింది. కవి కంపెనీ పేరు చెప్పలేదు కనుక పద్యం అన్నిటికీ అన్వయిస్తుంది.

పాఠాంతరాలు. నడుమ వరసలో ముగ్గురు కూర్చునే బండి ఉన్నవారు "ఎనిమిది సీట్ల" అని చదువుతారు. గణభంగం. 2019లో ఎక్స్‌ఎల్6 వచ్చాక కొందరు "ఆరు సీట్ల" అని దిద్దారు. గణం సరిపోతుంది గాని యతి చెడుతుంది. అత్తగారు, మామగారు వచ్చిన రోజున సంసారంలోనూ అంతే. కాబట్టి "ఏడు" అన్నదే సాధుపాఠం.

అలంకారం. కారణం లేకుండా కార్యం పుడితే విభావన. ఇక్కడ చుట్టరికం లేకుండానే చుట్టం పుట్టాడు. రెండో పాదంలో ఉన్నది అతిశయోక్తి అన్నవారు సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ వైపు బండి తీసి ఎరగరు.

మహావాక్యం. "ఎలాగూ వెళ్తున్నారుగా!" పద్యంలో లేకపోయినా రెండు, మూడు పాదాల నడుమ ఇది వినబడుతుంది. దీనికి సమాధానం ఏ శాస్త్రంలోనూ లేదు.

లక్షణవిచారం. 2023 జులైలో జీఎస్టీ మండలి యుటిలిటీ వాహనానికి లక్షణం నిర్ణయించింది. పేరేదైనా సరే, పొడవు 4000 మిల్లీమీటర్లు, ఇంజను 1500 సీసీ మించాలి. బండి అడుగు నేలకు కనీసం 170 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. ఈ మూడూ ఉంటే 22 శాతం సెస్సు అన్నారు. ఆ ఎత్తును ఖాళీ బండితోనే కొలవాలని వివరణ కూడా ఇచ్చారు. మన పక్షంలో ఖాళీ బండి అనేది కుందేటి కొమ్ము. శబ్దం ఉంది, పదార్థం లేదు.

ప్రమాణవిచారం. స్పీడు బ్రేకరు ఉందని తెలిసేది ఎలా? ముందు సీటుకు ప్రత్యక్షం, కళ్లతో చూస్తుంది. నడుమ వరసకు అనుమానం, బ్రేకు పడింది గనుక. వెనక చక్రాల మీదికి వచ్చే మూడో వరసకు శబ్దప్రమాణం, తల పైకప్పుకు తగిలింది గనుక. అందుకే ఆ వరసను పిల్లలకు, మరుదులకు, అప్పటికప్పుడు వస్తానన్నవారికి విధించారు. మోకాళ్ల నొప్పుల తాతయ్యకు ముందు సీటు. ఆయన కాలి కింద బ్రేకు లేకపోయినా దారంతా తొక్కుతూనే ఉంటారు.

సామానువిచారం. మూడో వరస మడిస్తే సామానుకు జాగా, విప్పితే మనుషులకు. రెండూ కావాలన్నప్పుడు ఆవకాయ డబ్బా ఎవరి ఒళ్లోనో ప్రయాణం చేస్తుంది. స్టెప్నీ బండి అడుగున వేలాడుతుంది. దాన్ని దించే కడ్డీ, జాకీ సామాను వెనక ఉంటాయి. సూర్యాపేట దాటాక పంక్చరైతే ముందుగా రోడ్డు పక్కన ఒక చిన్న కాపురం పెట్టాలి. నిండు బండికి టైర్లలో గాలి ఎంతుండాలో కంపెనీవారే రాసి డ్రైవరు తలుపు చట్రానికి అంటించారు. అది శ్రుతి. గాలి కొట్టే కుర్రాడు "ఎంత కొట్టమంటారన్నా?" అంటే "ఎప్పటిలాగే" అనడం స్మృతి. రెండూ విభేదిస్తే శ్రుతిదే పైచేయి.

ఆచారం. పూర్వం పంతంగి టోలు రాగానే వెనకనుంచి బాబాయి జేబు తడుముకుంటూ "ఉండరా, నేనిస్తా" అనేవాడు. ఇచ్చేవాడు కాదు, అయినా అనేవాడు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక ఆ మర్యాద కూడా అంతరించింది. ఇప్పుడు యజమాని ఫోను మాత్రం కొర్లపహాడ్ దగ్గరొకసారి, చిల్లకల్లు దగ్గరొకసారి చిన్నగా మూలుగుతుంది.

పూర్వపక్షం:

ఐదు సీట్ల కారే ఉంచుకుని, ఏడాదికి రెండుసార్లు అద్దె ఇన్నోవా పెట్టుకుంటే చాలదా? పోనీ, సొంత బండిలో తలా ఇంత డీజిలు డబ్బులు వసూలు చేయరాదా?

సిద్ధాంతం:

చేయరాదు. కిరాయి పుచ్చుకోవడం పసుపు ప్లేటు ధర్మం, వడ్డించడం తెల్ల ప్లేటు ధర్మం. ఇక అద్దె బండిలో కిలోమీటర్ల లెక్క, డ్రైవరు బత్తా నడుస్తుంటాయి. "నందిగామలో అత్తయ్యను ఒక్కసారి చూసి పోదాం" అనే మాట గొంతులోనే ఆగిపోతుంది.

అసలు విషయం మరొకటుంది. ఐదు సీట్ల రోజుల్లో "చోటు లేదు" అన్న అస్త్రం మనం అనుకున్నట్టు ఊరివాళ్ల మీద పడలేదు. ప్రతిసారీ ఒకే మనిషికి తగిలేది. "మీరు వెళ్లిరండి నాన్నా, నేను ఇల్లు చూసుకుంటాలే" అని మనచేత అనిపించుకోకముందే తానే అనేసిన పెద్దమ్మకు. ఆరో సీటు ఆమెది. ఏడో సీటుకు తగవు పడేవాళ్లు ఎంతమంది వచ్చినా ఫరవాలేదు. కనుక నాలుగో పాదంలోని దాస్యం నింద కాదు, వ్యాజస్తుతి.

ఫలశ్రుతి:

ఈ టీకను ఒకసారి చదివినవారు చిన్న కారు కొంటారు. రెండుసార్లు చదివినవారు షోరూముకు వెళ్లి, మూడో వరసలోకి పెద్దమ్మ ఎక్కగలదో లేదో ముందు తాము ఎక్కి చూస్తారు.