ఉన్న మాట ఉన్నట్టే అనండి

మాటకు అర్థం ఒక్కటి చాలు. దానికి పట్టిన భయాన్నీ శకునాన్నీ మడ్డి తోమినట్టు తోమేయాలని పదేళ్ళుగా ఇంట్లో పోరుతున్నాను. మీరూ మొదలుపెట్టండి.

ముందు వంటింట్లో. బియ్యం అయిపోతే "అయిపోయాయి" అనండి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాయనమ్మ "బియ్యం నిండుకున్నాయే" అని అమ్మతో అనడం విన్నాను. సాయంత్రం కొట్టు దగ్గర నాన్న అడిగితే "డబ్బా నిండా ఉన్నాయి నాన్నా" అని సంబరంగా చెప్పాను. ఆ రాత్రి ఖాళీ డబ్బా అడుగున సోల గీరుకున్న చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది. అందరం అటుకులు తిని పడుకున్నాం.

బడి పుస్తకాల్లో ఇలా తిప్పి చెప్పడాన్ని సౌమ్యోక్తి అని మెచ్చుకుంటారు. మీరు మాత్రం దీపం కొండెక్కిందనకండి, ఆరిపోయిందనండి. తాళి పెరిగిందనకండి, తెగిందనండి. పేరంటంలో పదిమందీ ఉలిక్కిపడి మీవైపు చూస్తారు, చూడనివ్వండి. పాతబడిన దారం తెగుతుంది, అంతే. పరామర్శకు వెళ్తే "కాలం చేశారట" అని నసగొద్దు. "చచ్చిపోయాడట కదా" అని సూటిగా అడగండి.

చెడ్డపేరు మోస్తున్న మాటలను కూడా మనమే లేవనెత్తాలి. ఛాందసుడంటే వేదం చదువుకున్నవాడు. పాత కావ్యాల్లో కంపు అంటే పరిమళం. ఎంత అన్యాయం జరిగింది ఆ మాటకు! మొన్న మేనకోడలి పెళ్ళిచూపుల్లో దాని జడలో మల్లెలు గుప్పుమంటుంటే, ఆప్యాయంగా "ఎంత కంపు కొడుతున్నావే తల్లీ" అన్నాను. పిల్ల లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఇలాంటప్పుడు వెనక్కి తగ్గకండి. 1885 నాటి శబ్దరత్నాకరం నిఘంటువు ఒక ప్రతి దగ్గర పెట్టుకోండి. పెళ్ళివారి ముందే తెరవండి.

అన్నిటికన్నా కష్టమైంది గుమ్మం దగ్గర. వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాను" అనకండి. ఎప్పుడొస్తామో మనకు తెలియదు, తెలియనిది చెప్పడం అబద్ధం. సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగి బయల్దేరుతూ "వెళ్తున్నానమ్మా" అన్నాను. అమ్మ నా సంచీ పట్టుకుంది. "వెళ్ళొస్తాననరా" అంది. ఉగాదికి సెలవు దొరకదని, రాగలనో లేదో తెలియదని ఓపిగ్గా వివరించాను. విన్నది. సంచీ వదల్లేదు. సందు చివర పల్లెవెలుగు బస్సు హారన్ కొడుతోంది. "ఒక్కసారి అను, నాన్నా" అంది మళ్ళీ.

మీకూ ఇలాగే అవుతుంది. ఆ చేతివేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా విడదీసి, బస్సెక్కండి.