ఏ ఆత్మకూరు? ఓవర్!

ఆత్మకూరు అనగానే మా వనపర్తి వైపు వాళ్లకు జూరాల గుర్తొస్తుంది. గేట్లు ఎత్తినప్పుడు చేపల వేపుడు తినడానికి పోతుంటామే, ఆ దారిలో ఉండే ఆత్మకూరు. నంద్యాల వాళ్లనడిగితే నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు అంటారు. నెల్లూరు వాళ్లకు ఇంకొకటి, అనంతపురం వాళ్లకు వేరొకటి. హనుమకొండ జిల్లాలో ఒకటుంది. యాదాద్రి జిల్లాలో ఉన్నదానికి బ్రాకెట్లో 'ఎం', సూర్యాపేట జిల్లాలో ఉన్నదానికి బ్రాకెట్లో 'ఎస్' తగిలించి రెవెన్యూ వాళ్లు చేతులు దులుపుకున్నారు. నా లెక్కలో మండల కేంద్రాలే ఏడు తేలాయి.

బ్రాకెట్లు కాగితం మీద కనిపిస్తాయి. వైర్‌లెస్ సెట్లో వినిపించవు.

2020 ఆగస్టు 20 రాత్రి పదిన్నర ప్రాంతంలో శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. నాగర్‌కర్నూల్ జిల్లా, అమ్రాబాద్ మండలం. కొండ కడుపులో ఆరు యూనిట్లు, 900 మెగావాట్లు. లోపల ఉన్నవాళ్లలో తొమ్మిది మంది ప్రాణాలతో బయటికి రాలేదు. ఆ రాత్రి సాయానికి వచ్చిన బళ్లలో ఆత్మకూరు ఫైరింజన్ ఉందని మర్నాడు వార్తల్లో చదివి, "మన ఆత్మకూరు నుంచి అంత దూరం పోయిండ్రా!" అని మా వీధిలో ఒక పెద్దాయన ముక్కున వేలేసుకున్నాడు. పోయింది మనది కాదు పెద్దాయనా, అప్పటి కర్నూలు జిల్లా ఆత్మకూరు బండి. రాష్ట్రం దాటి, నల్లమల ఘాట్లో వంద కిలోమీటర్ల పైమాట. కృష్ణ నీళ్లు పంచుకోవడానికి ట్రిబ్యునళ్లు సరిపోని రెండు రాష్ట్రాలకు, మంట మీద పోసే నీళ్లకు మాత్రం ఏ ట్రిబ్యునలూ అక్కర్లేకపోయింది. ఈ ఒక్క సంగతికి ఇరువైపులా దండం పెట్టొచ్చు.

బండి వచ్చింది సరే. వచ్చిన బండి ఎవరితో మాట్లాడాలి, ఏ సెట్లో?

ఇక్కడ కాస్త వైర్‌లెస్ పురాణం చెప్పుకోవాలి. ఫైరింజన్‌లో ఉండే వీహెచ్‌ఎఫ్ సెట్టు తన శాఖకు ఇచ్చిన ఫ్రీక్వెన్సీలో తప్ప పలకదు. పోలీసుల సెట్టుకు పోలీసుల ఫ్రీక్వెన్సీ, అటవీ శాఖ సెట్టుకు అటవీ శాఖది, పక్క రాష్ట్రానికి పక్క రాష్ట్రానిది. ఇవన్నీ కేటాయించేది ఢిల్లీలో 1952 నుంచి ఉన్న వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం. కోఆర్డినేషన్ అన్న మాట దాని పేరులోనే ఉంది కదా, ఇంక కింద ఎవరూ చేయక్కర్లేదని మనవాళ్లు నిశ్చింతగా ఉన్నట్టున్నారు. ప్రమాదం జరిగిన చోట మూడు శాఖల జీపులు పక్కపక్కనే ఆగుతాయి. మూడింట్లోనూ సెట్లు గరగరమంటుంటాయి. ఒకటి చెప్పింది ఇంకొకటి వినదు. ఒకే పందిట్లో మాటల్లేని వియ్యంకుల్లాగ.

నేను చెప్పేది వింటే సెట్లు లేవని ఏడుస్తున్నాననుకుంటారేమో. లేదండీ, సెట్లు ఉన్నాయి. అందరూ కలిసి మాట్లాడుకునే చానెలూ, అందరికీ ఒకేలా అర్థమయ్యే మాటా ముందే ఒప్పుకుని రాసిపెట్టుకోవాలి కదా, నా ఏడుపు దాని గురించే.

ఉదాహరణకు డీఎఫ్‌ఓ. జిల్లా ఫైర్ ఆఫీసర్ డీఎఫ్‌ఓ. జిల్లా ఫారెస్ట్ ఆఫీసరూ డీఎఫ్‌ఓ. మైదాన జిల్లాల్లో దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు, అక్కడ అడవి తగలబడేంత మిగల్లేదు కాబట్టి. నాగర్‌కర్నూల్ జిల్లా అలా కాదు. అక్కడ 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. మార్చి వచ్చిందంటే ఎండుటాకు మీద నిప్పురవ్వ పడితే చాలు, గుట్టంతా ఎర్రటి గీతై పాకుతుంది. అప్పుడు సెట్లో "డీఎఫ్‌ఓ గారు బయలుదేరారు" అని వస్తే, ఎవరు బయలుదేరినట్టు? మంట ఆర్పే ఆయనా, అడవి చూసుకునే ఆయనా? ఇద్దరూ ఒకరినొకరు బయలుదేరారనుకుని ఇంట్లోనే ఉంటే? పులికి మాత్రం అనుమానం లేదు. అది సెట్టు వినకుండానే చోటు మారుస్తుంది.

ఇంకొకటి, పదో బెటాలియన్. ఎర్రవల్లి చౌరస్తా మీదుగా పోయేవాళ్లందరికీ పదో బెటాలియన్ అంటే బీచుపల్లి దగ్గరున్న మన స్పెషల్ పోలీసులు. విజయవాడ దగ్గర జాతీయ విపత్తు దళానిది కూడా పదో బెటాలియనే. రెండు రకాల దళాలూ ఒకేచోట చేరితే సెట్లో ఏ పదో అని ఎలా తెలియాలి? 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం కూలి, దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు, అడవిలో ఉన్న ఆ చిన్న ఊరికి దేశం తరలివచ్చింది. విపత్తు దళాలు కేంద్రానివీ రాష్ట్రానివీ, సైన్యం, నౌకాదళం, సింగరేణి రెస్క్యూ బృందాలు, ఫైర్ సర్వీసు, హైడ్రా, ఇనుము కోయడానికి రైల్వే వాళ్లు, భూమి లోపల ఏముందో చూడడానికి హైదరాబాద్ శాస్త్రవేత్తలు, ఉత్తరాఖండ్ సొరంగంలో పేరు తెచ్చుకున్న ర్యాట్ హోల్ మైనర్లు, కేరళ నుంచి పోలీసు కుక్కలు. నెల రోజులు దాటిన గాలింపులో దొరికినవి ఇద్దరి మృతదేహాలు. ఆ బురదలో, ఆ నీటిలో పనిచేసిన వాళ్ల కష్టాన్ని వేళాకోళం చేసే నోరు నాకు లేదు.

కానీ ఒకటడుగుతాను. ఇంతమందికి కలిపి ఒక మాట చేరవేయాలంటే దారేది? కొండలోకి వీహెచ్‌ఎఫ్ పోదు. సొరంగంలో ఒక వంపు తిరిగితే సెట్టు ఇటుకే. బొగ్గు గనుల్లో దీనికి ఉపాయం ఎప్పుడో కనిపెట్టారు. పొడవునా సిగ్నల్ కారుతూ పోయే కేబుల్ ఒకటి వేస్తారు, చేనులో డ్రిప్పు పైపు వేసినట్టు. ఎక్కడ నిలబడితే అక్కడ మాట అందుతుంది. డ్రిప్పు పైపు గురించి గద్వాల రైతుకు చెప్పేదేముంది, ఎకరాకెంతో లెక్కకట్టి మరీ చెప్తాడు.

గద్వాల అంటే గుర్తొచ్చింది. ఊరికే ఊహించండి, ఇది జరగలేదు, జరగకూడదు. అలంపూర్ చౌరస్తా దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు అంటుకున్నాయి. పత్తి మంట దొంగ మంట. పైన ఆరిందనిపిస్తుంది, బేలు నడుమ కునుకు తీస్తూ ఉంటుంది. బేళ్లన్నీ విప్పి తడపాలి, గంటల పని. గద్వాల నుంచి బండి వచ్చింది. తుంగభద్ర దాటితే కర్నూలు కాబట్టి అక్కడి బండీ వచ్చి మిల్లు వెనకవైపు ఆగింది. రెంటికీ మధ్య రెండు వందల మీటర్ల పొగ. నాలుగున్నర వేల లీటర్ల ట్యాంకు రెండు పైపులు తెరిస్తే పది నిమిషాలు నిలవదు. గద్వాల బండి లీడింగ్ ఫైర్‌మన్ సెట్టు తీశాడు.

"కంట్రోల్, కర్నూలోళ్లను ఎనక గేటు తెరిచి లోపలికొచ్చి కొట్టమనున్రి. మా నీళ్లు అయిపోతున్నయి. ఓవర్."

గద్వాల కంట్రోల్ ఫోను తీసి కర్నూలు కంట్రోల్‌కు చేసింది. నంబరు బిజీ. మిల్లు నుంచి వందమంది అదే నంబరుకు చేస్తున్నారు మరి. కలెక్టరేట్‌కు చెప్పారు. కలెక్టరేట్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. 'జిల్లా సమన్వయం' గ్రూపు, రెండు వందల నలభై మంది సభ్యులు. పొద్దున్నుంచి నూట ఆరు శుభోదయాలు, ఒక రిటైర్మెంటు శాలువా ఫొటో. వాటి కింద మెసేజ్ పడింది: "గేటు తెరవవలెను. అత్యవసరం."

మొదటి జవాబు నీటిపారుదల వాళ్ల నుంచి వచ్చింది. "ఏ గేటు సార్? జూరాలకు ఇన్‌ఫ్లో లేదు కదా?"

రెండో జవాబు ఎవరో దండం బొమ్మ పెట్టారు. మూడో జవాబు, "ఎన్ని గేట్లు ఎత్తుతున్నారు, చేపలు దొరుకుతాయా?" ఈలోపు చౌరస్తాలో చాయ్ బండి కుర్రాడు మిల్లు వెనక్కి పరుగెత్తి, "ఓ కర్నూలన్నా! గేటు తీసుకుని లోపటికి రమ్మంటుండ్రు!" అని కేకేశాడు. కర్నూలు ఫైర్‌మన్ "అట్లనా, ఇంతసేపటి నుంచి చెప్పరేమప్పా!" అని గేటు తన్నాడు. ఆ పూట రెండు రాష్ట్రాల సమన్వయ వ్యవస్థ యావత్తూ ఆ కుర్రాడి గొంతు. జీతం లేదు, లైసెన్సు లేదు, బ్యాటరీ అయిపోదు.

నవ్వుకున్నాం కదా, ఇప్పుడు నవ్వలేని సంగతి. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెంలో వోల్వో బస్సు కల్వర్టును కొట్టుకుని కాలిపోయింది. 45 మంది. 2024 సంక్రాంతి ముందు ఎర్రవల్లి దగ్గర మరో బస్సు బోల్తాపడి అంటుకుంది, ఒక మహిళ బయటికి రాలేకపోయింది. 2025 అక్టోబరు 24న కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర ఇంకో బస్సు. ఈ మూడు చోట్లూ కలిపి సుమారు వంద కిలోమీటర్ల రోడ్డు. పాలెం ప్రమాదం నాటికి ఇదంతా ఒకే రాష్ట్రం, రెండే జిల్లాలు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది, 2016 అక్టోబరు 11న పాలమూరు ముక్కలై వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ పుట్టాయి, తర్వాత నారాయణపేట. మంచిదే, ఆఫీసులు దగ్గరయ్యాయి. రోడ్డు మీద కిలోమీటరు రాళ్లు మాత్రం కదల్లేదు. బస్సు తలుపు దగ్గర మనిషికి మిగిలే నిమిషాలూ పెరగలేదు.

ఇది మన ఒక్కరి జాడ్యమే అనుకుని కుంగిపోకండి. 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ తగలబడితే వాషింగ్టన్ నుంచి, ఫిలడెల్ఫియా నుంచి, న్యూయార్క్ నుంచి రైళ్లెక్కి ఫైరింజన్లు వచ్చాయి. వచ్చాక చూస్తే వాళ్ల గొట్టాలు బాల్టిమోర్ కుళాయిలకు పట్టలేదు. మర సైజు వేరు. నీళ్లున్నాయి, గొట్టాలున్నాయి, మనుషులున్నారు, నడుమ అతుకు లేదు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో పోలీసులకూ ఫైర్ వాళ్లకూ వేర్వేరు రేడియోలు. పైన హెలికాప్టర్‌లో ఉన్న పోలీసులు చూసింది లోపల మెట్లెక్కుతున్న ఫైర్ వాళ్లకు చేరలేదు. ఒక టవర్ కూలాక రెండోదాంట్లోంచి దిగిపొమ్మన్న కబురూ అందరికీ అందలేదు. ఆ రోజు పోయిన ఫైర్ సిబ్బంది 343 మంది. ఆ తర్వాత అక్కడ ఒక రూలు పెట్టారు. నాలుగు శాఖలు కలిసేచోట కోడ్ మాటలు బంద్, మామూలు మాటలే మాట్లాడాలి. అంటే మన చాయ్ కుర్రాడి పద్ధతి.

మనకేం కావాలట? పెద్ద ప్రాజెక్టేం కాదు. సరిహద్దు స్టేషన్లన్నిటి సెట్లలో ఒక ఉమ్మడి చానెల్. అది కుదిరేదాకా, సాయానికొచ్చిన బండి దగ్గరికి మన వాకీటాకీ ఒకటి, దాన్ని మోసే మనిషి ఒకడు. ఆత్మకూరు అనకుండా 'వనపర్తి ఆత్మకూరు', 'నంద్యాల ఆత్మకూరు' అనడం. డీఎఫ్‌ఓ బదులు 'ఫైర్ సారు', 'ఫారెస్టు సారు'. ఖర్చు ఒక కాగితం, రెండు సంతకాలు.

అందుకే జరగదని నా భయం. వంద కోట్లదైతే ఎప్పుడో అయ్యేది. ఫైరింజన్ కొంటే జెండా ఊపొచ్చు, కొబ్బరికాయ కొట్టొచ్చు, నిమ్మకాయ తొక్కించొచ్చు. స్టేషన్ కడితే శిలాఫలకం. ఉమ్మడి చానెల్‌కు రిబ్బను ఎక్కడ కట్టాలి? గాల్లోనా? ఫొటోలో ఏం కనబడుతుంది? పైగా రెండు రాష్ట్రాల అధికారులు కూర్చోవాలి. కూర్చుంటే ఎవరి జిల్లాలో కూర్చోవాలి, ముందు ఎవరికి బొకే ఇవ్వాలి? దానికి ఇంకో సమన్వయ కమిటీ.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. 1944లో అదే రోజు బొంబాయి రేవులో మందుగుండు ఉన్న ఓడ పేలి, మంట ఆర్పడానికి పోయిన సిబ్బంది పదుల సంఖ్యలో చనిపోయారు, వాళ్ల జ్ఞాపకంగా. ఒక ఏడాది మా వైపు ఒక బస్టాండు దగ్గర ప్రదర్శన చూశాను. కిరోసిన్ డబ్బా అంటించారు, బుస్సున నురగ కొట్టారు, చప్పట్లు. తర్వాత వైర్‌లెస్ ఎలా పనిచేస్తుందో పిల్లలకు చూపిద్దామని ఆఫీసరు ఒక సెట్టు పట్టుకున్నాడు. పది అడుగుల అవతల ఫైర్‌మన్ ఇంకోటి పట్టుకున్నాడు. దాని బ్యాటరీ ఊడిపోకుండా రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

"హలో, హలో, వినబడుతుందా? ఓవర్."

ఫైర్‌మన్ సెట్టును చెవి దగ్గర పెట్టుకుని, ఒకసారి ఊపి, అరచేత్తో రెండు దెబ్బలు వేసి, మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మంచిగ వినబడుతుంది సార్," అన్నాడు. "సెట్లో కాదు."