కలివికోడి చిరునామా

1900 తరువాత ఎవరి కంటనుబడక, నశించినదేయని పండితులు తిలోదకము లిచ్చుకొనిన కలివికోడి, 1986 జనవరిలో కడపజిల్లా లంకమల కొండలచెంత మరల కనిపించినప్పుడు, దానిని ముందుగా చేతబట్టినవాడు స్థానికుడగు వేటగాడే. పట్టుబడిన ఆ పక్షి బ్రతుకలేదు. ఆనాడు సెల్‌ఫోను లేకపోవుట మిగిలిన కలివికోళ్ల పూర్వజన్మ సుకృతము.

నేడన్ననో, నిజాంపట్నపు మడ అడవిలో క్రొత్తపిట్ట యొకటి వాలి రెక్కలు ముడుచుకొనక మునుపే దాని అక్షాంశ రేఖాంశములు వాట్సాప్‌లో తెనాలికి, బాపట్లకు చేరును. మరునాటి రేపల్లె ప్యాసింజరులో మూరెడేసి లెన్సులు దిగును. ఒకాయన ఆ పిట్టకూతనే ఫోనులో మ్రోగించి దానిని పేరంటమునకు పిలిచినట్లు పిలుచును. వేరొకాయన గూడు ఫోటోలో చక్కగా పడవలెనని అడ్డుకొమ్మను విరుచును. రొయ్యలచెరువు గట్టు త్రొక్కించుకొన్న ఆసామిని మాత్రము అడిగినవాడు లేడు.

పిట్టలు చూచువారిలో వీరు ఒక తెగ; రెండవ తెగవారు మౌనులు. "ఎక్కడ చూచితిరండీ?" యన్నచో "కోస్తాలో" నని నవ్వుదురు, సూర్యలంకలో అందరికిని కనబడు కొంగనుగూడ దేవరహస్యమువలె దాచుదురు. (వీరివలన పిట్టకు హాని లేదు గనుక క్షమింతము.)

గూడుకట్టు వేళ జిల్లాపేరుతో సరిపెట్టి, పిల్లలెగిరిన పిదప ఊరిపేరు చెప్పవచ్చును గదా యని యొక ఫోటోవీరునితో నంటిని. "అప్పటికి లైకులెవరు కొట్టెదరండీ?" యనెను.