ఫీజు జమ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: తమరి కన్సల్టెన్సీ ఫీజు లక్ష రూపాయలలో పది శాతం టీడీఎస్ పోను మిగిలినది తమ ఖాతాకు జమ చేయడమైనది.

టీక: తమరి = వారమంతా ఒక కంపెనీలో జీతానికి పనిచేసి, శని ఆదివారాల్లో మరో కంపెనీకి సలహాలు చెప్పే హైదరాబాదు ఇంజనీరుగారి యొక్క; ఫీజు = జీతము కానిది, కనుక ఆఫీసువారిచ్చే ఫారం 16లో కానరానిది; పది శాతం టీడీఎస్ = 2025–26 ఆఖరు వరకు అమలులో ఉన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 194జె సెక్షను ప్రకారం, ఏడాదికి 50,000 దాటిన వృత్తి ఫీజులో ఇచ్చేవారే ముందుగా పట్టి, పుచ్చుకునేవారి పాన్ మీద కట్టునట్టిది; మిగిలినది = 90,000, చేతికందక ముందే ఖర్చుల పద్దులో చేరినది; చేయడమైనది = కర్త లేని క్రియ, అకౌంట్సు విభాగపు శైలి. కొన్ని ప్రతులలో ‘పది’కి ‘రెండు’ అని పాఠాంతరం. ఇచ్చేవారు ఆ పనిని సాంకేతిక సేవగా లెక్కగట్టినచోట అదే గ్రాహ్యం.

తాత్పర్యం: ‘పోను’ అన్నమాట చూసి పన్ను పోయిందనుకోవడం లోకంలో ఉన్న అపార్థం. పోయినది బయానా మాత్రమే. పై సంపాదన జీతం మీద కూర్చుంటుంది గనుక దాని పన్ను జీతం చేరిన ఆఖరి శ్లాబులోనే తేలుతుంది. 2025–26 కొత్త విధానంలో 18 లక్షల జీతంలోంచి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీస్తే 17,25,000. ఆపైన వచ్చే లక్షకు 20 శాతం, దానిమీద 4 శాతం సెస్సు, వెరసి 20,800. పట్టింది 10,000. బాకీ 10,800.

‘50,000 లోపు ఫీజుకు టీడీఎస్ లేదు, కనుక పన్నూ లేదు’ అని పూర్వపక్షం. ఆ హద్దు ఇచ్చేవారి బాధ్యతకే గాని పుచ్చుకున్నవారి ఆదాయానికి కాదు. ‘ఎప్పుడో ఒకసారి చేసిన పని వృత్తి ఎలా అవుతుంది?’ అన్నది మరో ఆక్షేపణ, ఇందులో కొంత పస ఉంది. నిజంగా ఒకసారిదైతే ‘ఇతర ఆదాయం’ కింద చూపవచ్చు. శ్లాబు మాత్రం మారదు. ఏటా చేస్తుంటే వృత్తే. అందువల్ల నష్టమే అనుకోనక్కరలేదు: సాంకేతిక సలహా అదే చట్టం 44ఎడిఎ సెక్షను వృత్తుల జాబితాలో ఉంది గనుక, లెక్కల పుస్తకాలు రాయకుండా సగం వసూలునే లాభంగా చూపవచ్చు. అప్పుడు పన్ను 10,400, బాకీ 400. ట్యూషన్ చెప్పేవారు ఆ జాబితాలో లేరు. ఎందుకు లేరో టీకాకారుడికీ అంతుబట్టదు. అయితే వృత్తి చూపినవారికి ఐటీఆర్-1 చెల్లదు, 44ఎడిఎ కింద చూపితే ఐటీఆర్-4 వేయాలి. 2025–26 ఆదాయానికి పాత పన్ను విధానం కావాలంటే ఫారం 10-ఐఈఏ కూడా ఇవ్వాలి. జీతగాళ్లలా ఏటా అటూ ఇటూ మారే వీలు వారికి ఉండదు.

విశేషం: బాకీ 10,000కు చేరితే అడ్వాన్స్ ట్యాక్సు. 44ఎడిఎ వారు మార్చి 15 లోపు ఒకేసారి, తక్కినవారు జూన్ 15 మొదలు నాలుగు వాయిదాల్లో కట్టాలి. తప్పితే నెలకు ఒక శాతం వడ్డీ. పై ఆదాయాన్ని ఆఫీసుకు తెలిపి జీతంలోనే పట్టించుకునే దారి ఒకటుంది. ఆదివారం ఏం చేస్తున్నారో ఆఫీసుకు చెప్పగలిగినవారికే అది ఉపయోగం.