పొడుగుకు పన్ను, పొట్టకు గీత

నాలుగు మీటర్లు దాటిన పాపానికి మా సెడాన్‌కు 40 శాతం జీఎస్టీ. చిన్న కార్లకు 18 శాతమే. అంత పొడుగున్నా, వెనక సీటు మధ్యలో కూర్చున్నవారి కాళ్ల మధ్య ఓ గుట్ట! ఐదుగురు పడతారన్నది కంపెనీ మాట. ఆ ఐదోవారు ఎవరన్నది ఇంట్లో రోజూ పంచాయితీ. మైలేజీ అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద పుట్టింది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో దానికి ఊపిరాడదు. స్టెప్నీ కావాలంటే డిక్కీలోని సామానంతా రోడ్డున పడాలి. స్పీడ్‌బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిపెట్టింది. మా వీధి మేస్త్రీ ఆ పుస్తకం చదవలేదు. కారు పొట్ట గీసుకోకుండా గట్టు దాటాలంటే కుటుంబమంతా దిగి నడవాల్సిందే. కంపెనీవారు ప్రకటనలో వేసుకోవచ్చు: ‘వ్యాయామం ఉచితం!’