ఈగకు ప్రవేశం లేదు

ప్రపంచ తేనెటీగల దినం మే 20న వస్తుంది. ఆధునిక తేనెటీగల పెంపకానికి ఆద్యుడనదగ్గ స్లొవేనియా మనిషి అంటోన్ యాన్షాను తలుచుకుంటూ ఐక్యరాజ్యసమితి 2017లో ఖరారు చేసిన తేదీ. అప్పటికి మనకు వేసవి సెలవులని సమితికి ఎవరూ చెప్పినట్టు లేదు. అంతమాత్రాన మన ప్లేస్కూళ్లు వదులుతాయా? బడి తెరిచాక ఏదో ఒక శుక్రవారం ‘బీ డే’ పెట్టేస్తాయి.

ముందురోజు రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో కబురు. పసుపు నలుపు చారల డ్రస్సు, నెత్తిన రెండు కొమ్ములు, చేతిలో తేనెపట్టు నమూనా. పిల్లలు ‘స్వయంగా చేసి నేర్చుకోవాల’ట. తండ్రి వెళ్లి ఫ్యాన్సీ షాపు షట్టరు కొడతాడు. తల్లి బబుల్ ర్యాప్‌కు పసుపు రంగు పూస్తుంది. స్వయంగా చేయాల్సిన నాలుగేళ్లవాడు గుర్రుపెట్టి నిద్రపోతుంటాడు.

బబుల్ ర్యాప్ బుడగలు గుండ్రం, తేనెపట్టు గదులు ఆరు పలకలు. గుండ్రటి గదులు పేరిస్తే నడుమ సందులు మిగులుతాయి. ఆరు పలకలైతే సందే ఉండదు, గోడకు గోడ కలిసి మైనం ఆదా అవుతుంది. ఈ పాఠం మొత్తంలో పిల్లాడు నోరు తెరుచుకుని వినే ముక్క ఇదొక్కటే. దాన్ని కాస్తా బుడగల్లో పేల్చేశారు.

తరవాత పరాగ సంపర్కం. పిల్లల చేత కుర్‌కురేలు తినిపించి, వేళ్లకంటిన మసాలాను కాగితం పువ్వులకు పూయించడం. పిల్లలు దారిలోనే వేళ్లు నాకేశారు కాబట్టి ఆ ఏడు పంట లేదు.

నాటకంలో కరెస్పాండెంటుగారి మనవడు ‘తేనెటీగల రాజు’. పట్టులో రాజుండడు బాబూ! ఉండేది రాణి. పనిచేసేవన్నీ ఆడవే. మగవాటికి ముల్లు లేదు, మకరందం తెచ్చే పనీ లేదు. కరువొచ్చిందంటే కూలి ఈగలు వాటిని బయటికి ఈడ్చిపారేస్తాయి. ఆ సీను కూడా రాస్తే కిరీటానికి అంత పోటీ ఉండేది కాదు. వెనక బ్యానరు మీద ఐన్‌స్టీన్ బొమ్మ, తేనెటీగ పోతే మనిషికి నాలుగేళ్లే గడువన్న హెచ్చరిక. ఆయన ఆ మాట అన్నట్టు ఎక్కడా దాఖలా లేదు. ఈగలు నాట్యంతో పూల జాడ చెప్పుకుంటాయని తేల్చి 1973లో నోబెల్ పంచుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఉన్నాడు గానీ, పాపం, ఆయన జుట్టు బ్యానరుకు పనికొచ్చేది కాదు.

ఇంతకీ అసలు తేనెపట్టు అదే బడి మూడో అంతస్తు సన్‌షేడ్ కింద ఉండేది. పండగకు రెండ్రోజుల ముందు పెస్ట్ కంట్రోల్ వాళ్లొచ్చి మందు కొట్టి, చచ్చిన ఈగల్ని చీపురుతో ఊడ్చేశారు. భయం అబద్ధమని నేననను. పెద్ద తేనెటీగలు రేగితే ప్రాణాల మీదికొస్తుంది. పిల్లల్ని వాటి పక్కన కూర్చోబెట్టమనే మనిషిని కాను. కానీ తేనె తీసే పనితెలిసినవాణ్ని పిలిస్తే రాత్రిపూట పొగబెట్టి ఈగల్ని లేపేవాడు. తెల్లారాక ఖాళీ పట్టు ముక్కను పిల్లల చేతుల్లో పెట్టొచ్చు. నల్లమలలో చెంచులు తాడు మీద చరియల్లోకి దిగి పట్టు కోస్తారు. పైన తాడు పట్టుకునేవాడు బావమరిది అయుండాలంటారు, అక్క తాళి గుర్తుంటుందని. అక్కడి పిల్లలకు యాక్టివిటీ షీట్లు అందినట్టు లేదు.

కొనక్కర్లేని పద్ధతి ఒకటుంది. పూత మీదున్న తులసి కుండీకి నాలుగడుగుల దూరంలో పిల్లల్ని పొద్దున్నే కూర్చోబెట్టడం. చిన్న తేనెటీగలు వస్తాయి, వాటి పని అవి చూసుకుంటాయి. ఏ కంకి మీద ఎంతసేపు ఆగిందో, కాళ్లకు పసుపు ముద్ద ఉందో లేదో పిల్లలే చెబుతారు. చిక్కల్లా ఒకటే. ఈగ ఫొటోకు నిలబడదు, పైగా ఈ పీరియడుకు ఫీజు ఏ పద్దు కింద రాయాలో అకౌంటెంటుకు తెలియదు.